పార్ట్‌నర్ ఏమడిగినట్టు? బ్రిడ్జి పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో ఆన్‌లైన్ బ్రిడ్జి గురించి నాలుగు ముక్కలు రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బిడ్డింగ్, అంటే వేలంపాట, మీదే. నేను బ్యాంకు ఉద్యోగంలో చేరి విశాఖ వచ్చిన కొత్తలో, ఆఫీసు పైఅంతస్తులోని రిక్రియేషన్ రూములో ఈ ఆట నేర్చుకున్నాను. అప్పుడు నన్ను వేధించిన ప్రశ్నలే ఇప్పుడు మీరూ అడుగుతున్నారు. అందుకే ఈసారి పేజీ అంతా బిడ్డింగ్‌కే ఇస్తున్నాను.

ప్రశ్న: నేను రిటైర్డ్ లెక్కల టీచర్ని. రమ్మీ, ఇరవై ఎనిమిది బాగా ఆడతాను. మా అబ్బాయి ట్యాబ్‌లో బ్రిడ్జి పెట్టి ఇచ్చాడు. తెరిస్తే స్టేమన్, జాకబీ, బ్లాక్‌వుడ్, మైకేల్స్, డ్రూరీ అంటూ ఒకటే పేర్లు. ఇవన్నీ వస్తేగానీ ఆడకూడదా? (కాకినాడ)

మాస్టారూ, ఇరవై ఎనిమిది వచ్చినవారికి సగం దారి నడిచినట్టే. వేలంపాట, తురుపు, ఎదురుగా కూర్చున్న పార్ట్‌నర్, ఈ మూడూ మీకు అలవాటే. అక్కడ జాకీకి 3, తొమ్మిదికి 2 లెక్కపెడతారు. ఇక్కడ ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1. ఒక్కో రంగులో 10 చొప్పున పేకంతటిలో 40 పాయింట్లు. మీ ఇద్దరి దగ్గరా కలిపి 25, 26 ఉంటే గేమ్‌కి, అంటే పట్ల లెక్కలో 100 తెచ్చే పాటకి, వెళ్లొచ్చు. 33 ఉంటే చిన్న స్లామ్, అంటే 13 పట్లలో 12, గురించి ఆలోచించొచ్చు. మీరు 1 అని పాడితే ఆరు పట్ల మీద ఇంకొకటి, అంటే 7 పట్లు తెస్తానని మాటిచ్చినట్టు.

ఇక ఆ పేర్ల సంగతి. లెక్కల మాస్టారు కాబట్టి మీకు ఇలా చెబుతాను. 1 నుంచి 7 దాకా ఏడు మెట్లు. ఒక్కో మెట్టు మీద కళావరు, డైమండు, ఆఠీను, ఇస్పేటు, నోట్రంప్ (తురుపు లేకుండా ఆడేది) అని అయిదు. ఏడయిదులు 35. పాస్, డబుల్, రీడబుల్ కలిపితే 38. బ్రిడ్జి భాషలో ఉన్నవి ఈ 38 మాటలే. మీ చేతిలోని 13 ముక్కల గురించి పార్ట్‌నర్‌కి చెప్పాలన్నా, ఆయన చేతి గురించి అడగాలన్నా వీటితోనే సరిపెట్టుకోవాలి. మాటలు తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. అందుకని కొన్ని చోట్ల మాటకి మామూలు అర్థం తీసేసి, ఇద్దరూ ముందుగా ఒప్పుకున్న ఇంకో అర్థం పెట్టుకున్నారు. కన్వెన్షన్ అంటే అదే, ఒక ఒప్పందం. ఆ ఒప్పందంతో అడిగే ప్రశ్న ఏమిటో తెలుసుకుంటే పేరు దానంతట అదే గుర్తుంటుంది.

మొదటి మూడు నెలలు నాలుగు చాలు: స్టేమన్, ట్రాన్స్‌ఫర్, బ్లాక్‌వుడ్, టేకౌట్ డబుల్. ఈ చివరిది అవతలివాళ్లు ఒక రంగు పాడినప్పుడు 'నా దగ్గర ఓపెన్ చేసేంత, అంటే మొదటి పాట తెరిచేంత, బలం ఉంది, మిగతా మూడు రంగుల్లో నీకేది నచ్చితే అది చెప్పు' అనడం. కొత్తవాళ్లు దాన్ని అవతలివాళ్ల పాట తప్పుతుందని వేసే శిక్ష అనుకుని పాస్ చేసేస్తారు, మీరు అలా చేయకండి. డ్రూరీ, మైకేల్స్ జోలికి వచ్చే ఏడాది వెళ్లొచ్చు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియని పార్ట్‌నర్‌తో ఆడుతున్నాను. నేను 1 నోట్రంప్ తెరిచాను. ఆయన 2 కళావర్లు అన్నాడు. నా దగ్గర కళావర్లు నాలుగున్నాయి, బాగానే ఉందని పాస్ చేశాను. ఆయన ఒక్క మాట కూడా అనకుండా టేబుల్ వదిలి వెళ్లిపోయాడు. నా తప్పేమిటి? నా చెయ్యి: ఇస్పేటు ఆసు, జాకీ, 7, 4; ఆఠీను రాజు, 5; డైమండు రాజు, రాణి, 8; కళావరు రాజు, 9, 6, 2. (హైదరాబాద్)

బాబూ, ఓపెనింగ్‌లో తప్పేమీ లేదు. 16 పాయింట్లు, చెయ్యి సమంగా ఉంది, 15 నుంచి 17 దాకా ఉంటే 1 నోట్రంప్ అనేది ఇప్పుడు చాలామంది పద్ధతి. ఆటగాడు మధ్యలో లేచిపోవడం మాత్రం తప్పే, అది మనసులో పెట్టుకోకు. ఆ 2 కళావర్ల సంగతి చూద్దాం.

పేకంతటిలో లాభసాటి గేమ్‌లు ఆఠీనుకీ ఇస్పేటుకీ. ఆ రెండింట్లో పట్టుకి 30 లెక్కన నాలుగు మెట్లకి 120, గేమ్‌కి కావాల్సిన 100 దాటేస్తుంది. కళావరు, డైమండు పట్టుకి 20, అయిదు మెట్లు ఎక్కాలి, అంటే 13లో 11 పట్లు. అందుకని నోట్రంప్ తెరిచినవారి పార్ట్‌నర్‌కి పుట్టే మొదటి సందేహం: 'మనిద్దరికీ కలిపి ఒక పెద్ద రంగులో ఎనిమిది ముక్కలు ఉన్నాయా?' ఆ సందేహం అడగడానికి ఏ మాటా ఖాళీ లేదు. అన్నిటికంటే తక్కువ అవసరం ఉన్న మాట ఏది? 2 కళావర్లు. ఆ మాటని తీసుకుని, 'నీ దగ్గర నాలుగు ఆఠీన్లుగానీ నాలుగు ఇస్పేట్లుగానీ ఉన్నాయా?' అనే ప్రశ్నగా మార్చారు. 1945లో శామ్ స్టేమన్ ఒక బ్రిడ్జి పత్రికలో దీని గురించి రాయడంతో ఆయన పేరు పడిపోయింది. అసలు ఆలోచన ఆయన పార్ట్‌నర్ జార్జ్ రాపీది.

జవాబులు మూడే. రెండూ లేకపోతే 2 డైమండ్లు. నాలుగు ఆఠీన్లుంటే 2 ఆఠీన్లు. నాలుగు ఆఠీన్లు లేకుండా ఇస్పేట్లు నాలుగుంటే 2 ఇస్పేట్లు. నువ్వు 2 ఇస్పేట్లు అనాల్సింది.

నువ్వు పంపిన ఫొటోలో అవతలి చెయ్యి కూడా కనిపించింది: ఇస్పేటు రాజు, రాణి, 8, 3, ఆఠీను ఆసు, 8, 7, 2, డైమండు జాకీ, 10, 5, 4, కళావరు 5 ఒక్కటే. ఇప్పుడు రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడు. ఇస్పేటులో ఆసు, రాజు, రాణి, జాకీ నాలుగూ మీవే. ఆఠీనులో రెండు పట్లు ఖాయం. డైమండు ఆసు ఒక్కటి పోతే మిగతా మూడు పట్లు మీవి. కళావర్లో ఒక్కటి ఇచ్చేశాక డమ్మీ (బల్ల మీద పరిచిన పార్ట్‌నర్ చెయ్యి) దగ్గర ఆ రంగే ఉండదు, తురుపుతో కొట్టుకోవచ్చు. 4 ఇస్పేట్లకి పది పట్లు టెన్షన్ లేకుండా వస్తాయి. నువ్వు పాస్ చేయడంతో పడ్డ కాంట్రాక్టేమో (ఖాయమైన చివరి పాటేమో) కళావర్లు. నీ నాలుగూ ఆయన ఒక్కటీ కలిపి అయిదు, అవతలివాళ్ల దగ్గర ఎనిమిది! ఆయన పది పాయింట్లు పెట్టుకుని, నువ్వు 2 ఇస్పేట్లు అనగానే నేరుగా 4కి వెళ్దామని కాచుకుని ఉన్నాడు. నీ పాస్ తెరమీద చూసినప్పుడు ఆయనకి గుండె జారిపోయి ఉంటుంది.

ఇలాంటిదే నాకూ జరిగింది. మా బ్యాంకు జట్టు తరఫున ఆడిన మొదటి టోర్నమెంటు. నేను 1 నోట్రంప్ తెరిచాను, పార్ట్‌నర్ మా మేనేజరు గారు, 2 ఆఠీన్లు అన్నారు. అది ట్రాన్స్‌ఫర్. ఆఠీన్లు అంటే పైరంగు ఇస్పేట్లు అయిదో అంతకుమించో ఉన్నాయని, నువ్వు 2 ఇస్పేట్లు అనమని అర్థం. అలాగే 2 డైమండ్లు అంటే ఆఠీన్లు ఉన్నాయని. బలమున్న చెయ్యి మూసి ఉండి, బలం లేని చెయ్యి డమ్మీగా తెరుచుకోవాలని ఆ ఏర్పాటు. ముందు రాత్రే చదివాను. కానీ చేతిలో ఆఠీను ఆసు, రాణి, 10, 3 కనబడేసరికి పాస్ అన్నాను. డమ్మీ పరిచారు. ఆఠీను ఒకే ఒక్కటి. ఇస్పేట్లు ఆరు, వాటి తలమీద రాణి. ఆయన ఏమీ అనలేదు. ఆట అయ్యాక కాంటీన్‌లో టీ తాగుతూ, 'నా చేతిలో మొత్తం రెండే పాయింట్లమ్మా. నీ చేతిలో పెడితే కనీసం ఇస్పేట్లయినా పనికొస్తాయని అడిగాను' అన్నారు. ఆ మాట తర్వాత ట్రాన్స్‌ఫర్ నేనెప్పుడూ మరిచిపోలేదు. నియమం చదివితే గుర్తుండనిది, ఆయన ఎందుకడిగారో తెలిశాక గుర్తుండిపోయింది.

నువ్వు కూడా ఆ బోర్డుని, అంటే ఆ పంపకాన్ని, నోట్‌బుక్కులో రాసుకో. రెండు చేతులూ రాయి, ఆయన ప్రశ్నని మామూలు తెలుగులో పక్కన రాయి.

ప్రశ్న: మా ఆయనా నేనూ ఒక జట్టు. మొన్న ఆఠీన్లు తురుపని ఒప్పుకున్నాక ఆయన 4 నోట్రంప్ అన్నారు. నేను 5 డైమండ్లు అన్నాను. ఆయన 6 ఆఠీన్లు ఎక్కించారు. రెండు ఆసులు అవతలివాళ్ల దగ్గరే ఉన్నాయి. 'లేని ఆసు ఉందని చెప్పావు' అని ఆయన, 'లేదనే చెప్పాను' అని నేను. రెండు రోజులుగా ఇదే గొడవ. (విశాఖపట్నం)

చెల్లీ, మీరిద్దరూ నిజమే చెప్పారు. ఆయన మీ దగ్గర విన్నదీ నిజమే. పట్టికలే వేరు.

4 నోట్రంప్‌తో ఆసులు అడగడం ఇండియానాపొలిస్‌కి చెందిన ఈస్లీ బ్లాక్‌వుడ్ 1933లో కనిపెట్టిన పద్ధతి. పాత జవాబులు: 5 కళావర్లంటే ఆసులు లేవు, లేదా నాలుగూ ఉన్నాయి. 5 డైమండ్లంటే ఒకటి. 5 ఆఠీన్లంటే రెండు. 5 ఇస్పేట్లంటే మూడు. మీ ఆయన క్లబ్బులో నేర్చుకున్నది ఇదే అయ్యుంటుంది. ఆయనకి 5 డైమండ్లు అంటే ఒక ఆసు.

మీరు వీడియోలు చూసి నేర్చుకున్నానని రాశారు. అక్కడ ఇప్పుడు ఎక్కువగా చెప్పేది కీకార్డ్ బ్లాక్‌వుడ్. అందులో తురుపు రాజు కూడా ఆసు లెక్కే, మొత్తం అయిదు. 1430 అని పిలిచే పద్ధతిలో 5 కళావర్లంటే ఒకటి లేదా నాలుగు. 5 డైమండ్లంటే సున్నా లేదా మూడు. రెండున్నప్పుడు తురుపు రాణి లేకపోతే 5 ఆఠీన్లు, ఉంటే 5 ఇస్పేట్లు. అంటే మీరు 'సున్నా' అన్నారు, ఆయనకి 'ఒకటి' అని వినిపించింది. 3014 అని ఇంకో రకం కూడా ఉంది, అందులో మొదటి రెండు జవాబులూ తారుమారు. ఏదైనా ఫరవాలేదు. కానీ ఈ రాత్రే ఇద్దరూ కూర్చుని ఒక్కటి ఎంచుకుని, కాగితం మీద రాసి, ట్యాబ్ కవరు లోపల పెట్టుకోండి.

ఆయనకి ఇంకొక మాట కూడా చెప్పండి. బ్లాక్‌వుడ్ పుట్టింది స్లామ్‌కి ఎగరడానికి కాదు, రెండు ఆసులు లేనప్పుడు అయిదులో ఆగడానికి. తన చేతిలో ఒక పక్క రంగులో రెండు చిన్న ముక్కలే ఉంటే ఆసులు ఎన్నో తెలిసినా లాభం లేదు. ఒక్క ఆసే లోపించినా, ఆ రంగులో ఆసూ రాజూ రెండూ అవతల ఉండొచ్చు. మొదటి రెండు పట్లూ అక్కడే పోతాయి. ఏదో ఒక రంగు అసలే లేనప్పుడూ అంతే, ఎన్ని ఆసులు అన్న లెక్క కంటే ఏ ఆసు అన్నదే ముఖ్యం. అలాంటి చేతులతో ఆసులు అడగొద్దు. 1 నోట్రంప్ మీద వెంటనే 4 నోట్రంప్ అంటే అసలు ఆసుల ప్రశ్నే కాదు. 'నీ 15-17లో పైమెట్టు మీద ఉంటే ఆరుకి వెళ్దాం' అనే పిలుపు.

ప్రశ్న: నేను బ్రిడ్జి బేస్ ఆన్‌లైన్‌లో రోబోలతో ప్రాక్టీసు చేస్తున్నాను. రోబో 1 ఇస్పేటు తెరిచింది. నాకు 7 పాయింట్లు, కళావర్లు అయిదు. 2 కళావర్లన్నాను. రోబో ఆగకుండా గేమ్ దాకా పోయింది, మూడు పట్లు తగ్గాయి. రోబో తప్పా, నా తప్పా? (వరంగల్)

అక్కడి రోబోలు 'టూ ఓవర్ వన్' పద్ధతిలో ఆడతాయి. పార్ట్‌నర్ 1 ఇస్పేటు తెరిచాక మీరు రెండో మెట్టు మీద కొత్త రంగు పాడితే, గేమ్ చేరేదాకా ఎవరూ ఆగం అని ఒప్పుకున్నట్టే. దానికి దాదాపు ఓపెనింగ్ చెయ్యి, 12 పాయింట్లయినా కావాలి. 7 పాయింట్లకి అక్కడ 1 నోట్రంప్ అనాలి. రోబో మీ మాట నమ్మింది.

ఒక మంచి సౌకర్యం ఉంది, దాన్ని వాడుకోండి. రోబోలతో ఆడేటప్పుడు బిడ్ వేసేముందే ఆ బిడ్‌కి అర్థం ఏమిటో తెరమీద చదువుకోవచ్చు. పడిన బిడ్ల మీద నొక్కినా వివరణ వస్తుంది. నేను ట్యాబ్‌కి మారిన కొత్తలో వారం రోజులు ముక్క వేయడం మీద ధ్యాసే పెట్టలేదు, ఆ వివరణలే చదివాను. క్లబ్బులో ఎన్నో ఏళ్లు అడగడానికి మొహమాటపడ్డ సంగతులు ఆ వారంలో తేలిపోయాయి. మనుషులు విసుక్కుంటారేమో అన్న భయం లేకుండా ఒకే ప్రశ్న పదిసార్లు అడగొచ్చు.

అయితే ఒక్క రోబోలతోనే ఉండిపోకండి. వారానికి ఒక్కరోజైనా మనుషులతో ఆడండి.

ప్రశ్న: నేను విజయవాడలో, మా తమ్ముడు డల్లాస్‌లో. ఆదివారం పొద్దున నాకూ, శనివారం రాత్రి వాడికీ. వాట్సాప్‌లో కాల్ పెట్టుకుని, మాట్లాడుకుంటూ ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడతాం. ఇందులో తప్పేమైనా ఉందా?

ఉంది. ఆట నడుస్తున్నంతసేపూ ఆ కాల్ కట్ చేసి ఉంచండి. మీరు చేతి గురించి ఒక్క మాట అనకపోయినా, 'అబ్బ' అన్న నిట్టూర్పూ, ఆలోచించేటప్పటి మౌనమూ తమ్ముడికి వినపడతాయి. టేబుల్ మీద ఆ 38 మాటలు తప్ప ఇంకేదీ పార్ట్‌నర్‌కి చేరకూడదన్నది ఈ ఆటకి ప్రాణం. అవతల కూర్చున్న ఇద్దరూ మిమ్మల్ని నమ్మి కూర్చున్నారు. వాళ్లకి మీరు కనబడరు కాబట్టి మీ బాధ్యత మరింత ఎక్కువ.

అలర్ట్, అంటే ఈ బిడ్‌కి మామూలు అర్థం కాదని అవతలివాళ్లకి తెలియజేయడం, గురించి కూడా ఒక మాట. టేబుల్ దగ్గరైతే మీరు కన్వెన్షన్ బిడ్ వేస్తే పార్ట్‌నర్ అలర్ట్ చెబుతాడు. ఆన్‌లైన్‌లో మీ బిడ్‌కి మీరే చెప్పాలి. అర్థం కూడా మీరే టైప్ చేయాలి. అది అవతలివాళ్లకే కనబడుతుంది, మీ తమ్ముడికి కనబడదు. 'ఇస్పేట్లు 5+' అని రాస్తే చాలు.

మాట్లాడుకోవాలనే ఉంటుంది, నాకు తెలుసు. మా అక్క బెంగళూరులో ఉంటుంది. మేము పన్నెండు బోర్డులు నోరు మెదపకుండా ఆడి, అప్పుడు ఫోన్ చేసుకుని గంటసేపు అవే బోర్డులు ఒక్కొక్కటీ తవ్వుకుంటాం. లేదా మీరిద్దరే ఒక బిడ్డింగ్ ప్రాక్టీసు టేబుల్ పెట్టుకుని, కాల్‌లో ఉండి 'ఎందుకలా అన్నావు' అని అడుక్కుంటూ సాధన చేయండి. అక్కడ మోసపోయేవాళ్లెవరూ ఉండరు.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. బ్రిడ్జి అంటే ఇష్టం ఏర్పడింది. నాన్న ఫోన్‌లో పేకముక్కలు చూడగానే మండిపడ్డారు. 'పేకాట పేకాటే' అంటున్నారు. ఎలా ఒప్పించాలి? (కరీంనగర్)

తల్లీ, ముందు నాన్నగారి కోపాన్ని అర్థం చేసుకో. పేకాటలో పొలాలు పోగొట్టుకున్న ఇళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణలో 2017లోనే నిషేధించారు. కాబట్టి మొదట ఆయనకి చూపించాల్సింది నువ్వు ఆడే టేబుల్ మీద డబ్బు లేదన్న సంగతి. ఉచితంగా ఆడే టేబుళ్లు బోలెడు. రుసుము కట్టే టోర్నమెంట్ల వైపు వెళ్లకు. ఫోన్‌లో కార్డు వివరాలు అసలే ఇవ్వకు.

తర్వాత ఈ మాట చెప్పు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన, 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన కేసు ఒకటి ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారి మీద పెట్టింది. రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని కోర్టు తేల్చింది. అందులో అదృష్టం పాలు ఎంత అంటే, బ్రిడ్జిలో ముక్కలు పంచినప్పుడు ఉండేలాంటిదే అని బ్రిడ్జితో పోల్చి చెప్పింది. పందేల మీద క్లబ్బు లాభం తీస్తుంటే నేరమవుతుందనీ అదే తీర్పులో ఉంది. అది దాచకుండా నాన్నగారికి చెప్పు, నీ మాట మీద నమ్మకం కుదురుతుంది.

డూప్లికేట్ బ్రిడ్జిలో ఆ పంపకం అదృష్టం కూడా చాలావరకు పోతుంది. నీకొచ్చిన 13 ముక్కలే మిగతా టేబుళ్ల దగ్గర నీ దిక్కున కూర్చున్న ప్రతివారికీ వస్తాయి. అవే ముక్కలతో ఎవరు ఏం చేశారన్నదే లెక్క. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో పురుషుల జంటల బ్రిడ్జిలో మన దేశానికి బంగారు పతకం వచ్చింది. గెలిచిన ప్రణబ్ బర్ధన్‌కి అప్పుడు 60 ఏళ్లు, శిబ్‌నాథ్ సర్కార్‌కి 56.

ఇవన్నీ చెప్పాక ఒక సాయంత్రం నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని, పైన హైదరాబాద్ అబ్బాయి రాసిన రెండు చేతులూ అసలు ముక్కలతో పరిచి, పది పట్లు ఎలా వస్తాయో ఆయన్నే లెక్కపెట్టమను.

ప్రశ్న: నాకు 64. మతిమరుపు మొదలైంది. ఇప్పుడు నేర్చుకోగలనా? (తెనాలి)

పై జవాబులో ప్రణబ్ బర్ధన్ గారి వయసు చూడండి. రోజుకి నాలుగే బోర్డులు ఆడండి, తురుపులు మాత్రం లెక్కపెట్టండి. మొత్తం 13. మీవీ డమ్మీవీ కలిపి ఎనిమిదైతే బయట ఉన్నవి అయిదు. ఆ అయిదూ ఒక్కొక్కటే రాలుతుంటే వేళ్లు మడుచుకోండి. నెలరోజులు దీనికి మించి ఏమీ గుర్తుపెట్టుకోవద్దు.

వచ్చే సంచికకి ఒక చెయ్యి

పార్ట్‌నర్ 1 నోట్రంప్ (15-17) తెరిచారు, అవతలివాళ్లు పాస్. మీ చెయ్యి: ఇస్పేటు రాణి, 10, 7, 3, ఆఠీను రాజు, జాకీ, 8, 6, 4, డైమండు ఆసు, 2, కళావరు 8, 5. స్టేమన్‌తో అడుగుతారా, ట్రాన్స్‌ఫర్ చేస్తారా? బిడ్ ఒక్కటే రాసి ఊరుకోకండి. ఆ బిడ్‌తో పార్ట్‌నర్‌ని ఏమడుగుతున్నారో, ఆయన 2 డైమండ్లంటే తర్వాత మీరేమంటారో కూడా రాయండి.